మీటకూ అక్షరానికీ నడుమ

తెర మీద తెలుగు: తొమ్మిదో భాగం

2002, 2003 ప్రాంతాల్లో బెంగళూరు నెట్ సెంటర్లలో కూర్చుని తెలుగు పేజీ తెరిచిన వాళ్ళకి అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. పేజీ నిండా, వరస తప్పకుండా, ఖాళీ డబ్బాలు. అలాగని ఆ కంప్యూటర్లో తెలుగు లేక కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటూ, తెలుగు కీబోర్డూ ఉన్నాయి. ఉన్నాయి గానీ నిద్రపోతుండేవి. కంట్రోల్ ప్యానెల్లో రీజినల్ సెట్టింగులు తెరిచి, భాషల పుటలోకి వెళితే అక్కడ రెండు చిన్న గళ్ళు ఉండేవి. మొదటి గడి సంక్లిష్ట లిపులకి: అరబ్బీ, హీబ్రూ, థాయి, వాటితోపాటు మన భారతీయ లిపులన్నీ. రెండో గడి తూర్పు ఆసియా భాషలకి: చైనీస్, జపనీస్, కొరియన్. మొదటి దాంట్లో టిక్కు పెడితే 10 ఎంబీ జాగా కావాలనేది. రెండో దాంట్లో పెడితే 230 ఎంబీ. ఆ తర్వాత విండోస్ సీడీ పెట్టమనేది. నెట్ సెంటర్‌లో కూర్చున్న కుర్రాడి దగ్గర సీడీ ఎక్కడుంటుంది?

ఒకదాని కింద ఒకటి ఉన్న ఆ రెండు గళ్ళ కథే ఈ భాగం.

తెలుగు కంప్యూటర్లోకి ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే మనం వెంటనే ఫాంట్ల పేర్లు చెప్తాం. కానీ అక్షరం తెర మీద కనబడటం ఒక పని, వేలు నొక్కింది అక్షరంగా మారటం ఇంకో పని. మనల్ని ఏడిపించింది మొదటిది. చైనానీ జపాన్‌నీ ఏడిపించింది రెండోది. రెండు ఏడుపులూ ఒకేచోట తీరవలసి వచ్చిన కాలం ఒకటుంది. ఆ చోటు పేరు టూల్‌కిట్. తూర్పు ఆసియా వాళ్ళు తమ కోసం తవ్వుకున్న కాలవలోనే ఇవాళ మన తెలుగు కూడా పారుతోంది. బెంగళూరులో కూర్చుని ఈ వాక్యాన్ని టైపు చేస్తున్న నా వేళ్ళ కింద కూడా పారుతున్నది ఆ నీళ్ళే. మన భాషా చరిత్రల్లో ఈ రుణం ఎక్కడా రాసి లేదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మూడు మీటలకు ఒక అక్షరం

తెలుగుకి యాభై ఆరు అక్షరాలని చిన్నప్పుడు చదువుకున్నాం. జపాన్ 1978లో తమ లిపికి ప్రమాణ సంకేతాల పట్టిక తయారు చేసినప్పుడు అందులో కంజీ అక్షరాలే 6,349 ఎక్కాయి. చైనా 1980లో చేసిన పట్టికలో హాన్ అక్షరాలు 6,763. ఇన్ని మీటలున్న కీబోర్డు ఎవరి బల్ల మీదా పట్టదు. కాబట్టి మీటకీ అక్షరానికీ నడుమ ఒక మధ్యవర్తి కూర్చోక తప్పదు.

ఆ మధ్యవర్తిని కంప్యూటర్లకు ముందే ఊహించిన వాడు లిన్ యుటాంగ్. ఆయన ఇంగ్లీషులో రాసి పేరు తెచ్చుకున్న చైనా రచయిత. సంపాదించిన సొమ్మంతా ఒక టైపు మిషను మీద పోశాడు. 1947లో న్యూయార్క్‌లో బయటపెట్టిన ఆ యంత్రం పేరు మింగ్‌క్వాయ్. మీటలు 72. అక్షరం పైభాగపు ఆకారానికి ఒక మీట, కిందిభాగానికి ఒక మీట నొక్కితే, ఆ రెంటికీ సరిపోయే అక్షరాలు ఎనిమిది దాకా నడుమనున్న చిన్న అద్దపు కిటికీలో ప్రత్యక్షమయ్యేవి. కావలసినదాని అంకె నొక్కితే కాగితం మీద పడేది. కొన్ని గుర్తులు ఇవ్వటం, యంత్రం కొన్ని అక్షరాలు చూపించటం, మనం ఒకటి ఏరుకోవటం. ఇవాళ మన ఫోన్లో తెలుగు మాట సగం కొట్టగానే పైన మూడు మాటలు వరసగా నిలబడతాయే, వాటి ముత్తాత ఆ అద్దపు కిటికీలోనే పుట్టాడు. మింగ్‌క్వాయ్ అమ్మకానికి రాలేదు. తయారైంది ఒకే ఒక్కటి. దశాబ్దాల పాటు కనిపించకుండా పోయి, ఈమధ్యే న్యూయార్క్ ప్రాంతంలో ఒక ఇంటి నేలమాళిగలో దొరికింది. 2025లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దాన్ని తీసుకుంది.

జపాన్ వేరే దారి పట్టింది. వాళ్ళకి ఉచ్చారణ రాసే కనా అక్షరాలు ఉన్నాయి. మాటను పలికినట్టు కనాలో కొడితే యంత్రమే దాన్ని కంజీలోకి మార్చాలి. ఒకే ఉచ్చారణకి పది కంజీలుంటాయి గనక, వాక్యం సందర్భం చూసి ఏది తగునో ఊహించాలి. 1978లో తొషీబా వాళ్ళు ఈ పని చేసే జేడబ్ల్యూ-10 అనే యంత్రాన్ని ప్రకటించారు. బరువు 220 కిలోలు, ధర 63 లక్షల యెన్‌లు. ఆఫీసు బల్లంత యంత్రం. కనా నుంచి కంజీకి మార్చే ఆ ఊహే తర్వాతి రోజుల్లో జపాను కంప్యూటర్లన్నిట్లోకీ పాకింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. మాట మారేదాకా అది ఇంకా మాట కాదు. కొట్టింది తెర మీద కనపడాలి, కానీ ఫైల్లోకి పోకూడదు. కింద ఒక గీతతో, త్రిశంకు స్వర్గంలో వేలాడుతూ ఉండాలి. మనిషి ‘ఇదే’ అని స్పేస్ బారో ఎంటరో నొక్కాక అసలు పాఠంలో దిగాలి. ఒక్క ప్రోగ్రాంలో అయితే దీన్ని ఎలాగో సర్దుకోవచ్చు. కంప్యూటర్లో ఉన్న ప్రతి ప్రోగ్రాంలో, ప్రతి గడిలో ఇదే జరగాలంటే?

వడ్రంగి దుకాణం

టూల్‌కిట్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. ఇల్లు కట్టేవాడు తలుపులూ కిటికీలూ తనే చెక్కుకోడు, దుకాణంలో తయారుగా ఉన్నవి తెచ్చి బిగిస్తాడు. ప్రోగ్రాం రాసేవాడూ అంతే. బొత్తాలు, మెనూలు, పేరు రాసే గడి, ఉత్తరం రాసే పెద్ద గడి, ఇవన్నీ టూల్‌కిట్ నుంచి తీసుకుంటాడు. ఆ దుకాణంలో చేసిన గడికి ఒక భాష రాకపోతే, ఆ గడి బిగించిన ఏ ప్రోగ్రాంకీ ఆ భాష రాదు. వస్తే అన్నిటికీ వస్తుంది. ఒక భాష బతుకు ఎంత దూరాన, ఎంత చిన్న చోట తేలిపోతుందో చూడండి.

యూనిక్స్ ప్రపంచంలో తెర వ్యవహారమంతా ఎంఐటీలో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థది. జపాన్ కంపెనీల ఒత్తిడి వల్ల 1991 నాటి విడుదలలో ఇన్‌పుట్ పద్ధతికి ఒక ఏర్పాటు మొదలై, 1994 విడుదలలో ప్రమాణంగా స్థిరపడింది. దాని పేరు ఎక్స్ఐఎం. మధ్యవర్తి ఒక వేరే ప్రోగ్రాంగా పక్కన నడుస్తుంది. మీ గడిలో నొక్కిన ప్రతి మీటా ముందు అతని దగ్గరికి పోతుంది. అతను ఉంచుకోవచ్చు, వదిలెయ్యవచ్చు, పది మీటలు మింగి ఒక మాట కక్కవచ్చు.

వినటానికి సులువే. కానీ గడి చేసేవాడి వైపు నుంచి చూడండి. నొక్కిన మీటను తను వాడుకునే ముందు మధ్యవర్తికి చూపించాలి, లేకపోతే రెండుసార్లు అచ్చవుతుంది. ఇంకా తేలని మాటను గీత గీసి పాఠం మధ్యలో చూపించాలి, కానీ ‘సేవ్’ చేసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కర్సర్ తెర మీద ఎక్కడుందో ఎప్పటికప్పుడు చెప్తుండాలి, లేకపోతే ఏరుకోవలసిన మాటల జాబితా కర్సర్ పక్కన కాక తెర మూలన ఎక్కడో తేలుతుంది. కర్సర్‌కి ముందూ వెనకా ఏ అక్షరాలున్నాయో అడిగితే చెప్పాలి, వాటిలో కొన్ని చెరపమంటే చెరపాలి. పైగా మధ్యవర్తి మధ్యలో ఆగిపోతే గడి కూడా బిగుసుకుపోయేది. ఆ రోజుల్లో జపానువాళ్ళు పడ్డ పాట్లలో ఇది పెద్దది.

జీటీకే అనే టూల్‌కిట్ బొమ్మలు దిద్దే గింప్ ప్రోగ్రాం కోసం బర్కిలీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ చేసుకున్నది. దాని 1.0 విడుదల 1998లో. దాన్ని పునాదిగా వేసుకుని గ్నోమ్ డెస్క్‌టాప్ లేచింది. ఆ తొలి జీటీకేలో ఎక్స్ఐఎం ద్వారా జపనీస్ రాయటం కుదిరేది, తెలుగు కుదిరేది కాదు. మీట దగ్గర కాదు మన పని చెడింది. ఆ గడికి ఒక సంకేతానికి ఒక బొమ్మ అనే లెక్కే తెలుసు. కంజీకి ఆ లెక్క సరిపోతుంది, ఎన్ని వేల అక్షరాలైనా సరే, పెట్టెలో పెట్టెలా వరసగా పేర్చుకుంటూ పోతే చాలు. తెలుగులో ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం యూనికోడ్ లెక్కలో ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఈ ఆరూ కలిసి ఒక్క బొమ్మ కావాలి. తకారం కిందికి దిగాలి, రకారం పక్కకు వంగాలి, గుడిదీర్ఘం సకారం నెత్తికెక్కాలి. ఈ కలిపి కుట్టే పనివాడు జీటీకే దుకాణంలో లేడు.

ఆ లోటు తెలిసిన మన పత్రికలు, డీటీపీ ఆపరేటర్లు దొంగదారి పట్టారు. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టిన ఫాంట్లు చేసుకున్నారు. టూల్‌కిట్ తను ఇంగ్లీషే చూపిస్తున్నాననుకునేది. అచ్చుకి అది దివ్యంగా పనికొచ్చింది. కానీ ఒక పత్రిక ఫాంటులో కొట్టింది ఇంకో పత్రిక ఫాంటులో చదవలేం, వెతకలేం, అకారాది క్రమంలో పేర్చలేం. ఆ చిక్కుముడులు విప్పటానికే తర్వాత వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ కోసం పద్మ అనే పొడిగింత రాశారు. ఆ కథ ఏడో భాగంలో చెప్పాను.

పాన్, గో

రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీలో పనిచేసే ఓవెన్ టేలర్, ఇంకో పక్క రాఫ్ లెవియన్, వేర్వేరుగా మొదలుపెట్టిన పనులు 1999లో కలిశాయి. అన్ని లిపులనీ కుట్టగల ఒకే దర్జీ కావాలన్నది వాళ్ళ కోరిక. దానికి పెట్టుకున్న పేరు పాంగో. గ్రీకులో ‘పాన్’ అంటే అంతా, జపనీస్‌లో ‘గో’ అంటే భాష. ఏథెన్సునీ టోక్యోనీ ముడివేసిన ఆ పేరులో మన ముక్క లేదు కానీ, ఆ పేరు మోసిన బరువులో సగం మనదే.

2002 మార్చిలో పాంగోని ఒంట్లో నింపుకుని జీటీకే 2.0 వచ్చింది. లోపలి పాఠమంతా యూనికోడ్. ఇన్‌పుట్ మధ్యవర్తిని ఎక్స్ఐఎంకి కట్టెయ్యకుండా, కావలసినప్పుడు తగిలించుకునే మాడ్యూల్‌గా విడదీశారు. గీతతో వేలాడే మాట, ఖాయమైన మాట, చుట్టుపక్కల పాఠం, కర్సర్ జాడ, పైన చెప్పిన పనులన్నీ ప్రతి గడికీ పుట్టుకతో వచ్చాయి. జపనీస్, చైనీస్ అవసరాలు చూసి గీసిన నమూనా అది. కానీ గీత పెద్దగా గీశారు, అందులో ఎవరైనా నిలబడగలిగారు.

ఆ రోజుల్లో గ్నోమ్ 2 వాడిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఏ గడిలోనైనా కుడి బొత్తాం నొక్కితే ‘ఇన్‌పుట్ పద్ధతులు’ అని ఒక జాబితా తెరుచుకునేది. అమ్హారిక్, ఇనుక్టిటుట్, తిగ్రిన్యా, వియత్నామీ, లిప్యంతరీకరించిన సిరిలిక్. ఆర్కిటిక్ మంచులో కొన్ని వేలమంది మాట్లాడే ఇనుక్టిటుట్ ఉంది. కోట్లమంది మాట్లాడే తెలుగు లేదు. అందుకు ఎవరినీ తప్పుపట్టను. ఇనుక్టిటుట్ కోసం ఎవరో ఒకరు కూర్చుని ఆ మాడ్యూల్ రాశారు గనక ఉంది.

ఆ గ్నోమ్ 2 పనిలో బెంగళూరు చేతులు కూడా పడ్డాయి. తన సోలారిస్ యంత్రాల మీద గ్నోమ్‌ని పెట్టాలనుకున్న సన్ మైక్రోసిస్టమ్స్ 2001లో విప్రోతో ఒప్పందం చేసుకుంది. విప్రో ఇంజనీర్లు పాత జీటీకే మీద రాసిన ప్రోగ్రాములను కొత్త దాని మీదికి మార్చటం, తప్పులు దిద్దటం లాంటి పనులు చేశారు. ఇది పేరు రాని చాకిరీ. కొత్త ఇంట్లో తలుపులన్నీ మూసుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటీ తీసి చూసే పని. తెలుగు అక్షరం లోపలికి నడిచి వచ్చింది ఆ తలుపుల్లోంచే.

అక్షరాలు కుట్టే పనివాడు మాత్రం ఐబీఎం నుంచి వచ్చాడు. అక్కడ ఎరిక్ మేడర్ భారతీయ లిపుల కోసం రాసిన కోడ్‌ను 2002, 2003 ప్రాంతంలో పాంగోలోకి తెచ్చుకున్నారు. దేవనాగరి నుంచి మలయాళం దాకా తొమ్మిది లిపులకీ ఒకే యంత్రం. లిపి మారితే పట్టిక మారుతుంది, పద్ధతి మారదు. బ్రాహ్మి పిల్లలందరి ఎముకల గూడూ ఒకటేనని అశోకుడి శాసనాలు చదివిన వాళ్ళు చెప్పిన మాటే ఈ కోడ్ కూడా చెబుతోంది.

కుట్టటంతో పని అయిపోలేదు. ‘స్త్రీ’ మీద కర్సర్ ఎన్నిసార్లు ఆగాలి? ఒక్కసారే. మనిషికి అది ఒక్క అక్షరం. మరి బ్యాక్‌స్పేస్ నొక్కితే? మొత్తం పోవాలా, చివరి దీర్ఘం ఒక్కటే పోవాలా? మొత్తం పోతే దీర్ఘం తప్పు కొట్టినప్పుడల్లా ఆరు మీటలు మళ్ళీ నొక్కాలి. కాబట్టి కదిలేటప్పుడు అక్షరం లెక్క, చెరిపేటప్పుడు ముక్క లెక్క. ఈ రెండు లెక్కలూ వేరని టూల్‌కిట్‌కి ఒకరు చెప్పాలి. ఇంకోటి, ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే టకారం పొల్లు దగ్గర కనిపించని ఒక గుర్తు పెట్టాలి. పెట్టకపోతే వకారం ఒత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది. కనబడని ఆ గుర్తుకి మొదటి కీబోర్డు పటాల్లో మీటే లేదు. ఇంగ్లీషు మాటలు ఇన్ని వాడే మనకి ఆ గుర్తు లేనిదే రోజు గడవదు.

ఆ గుర్తు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ అనే అక్షరంలో దీర్ఘానికి ముందు ఆ కనబడని గుర్తు పడితే ఐఫోన్లు కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, కనపడని గుర్తు, ఆత్వం. ఐదు ముక్కలు. సందేశం వచ్చిన యాప్ మళ్ళీ తెరుచుకునేది కాదు. ఆపిల్ ఫిబ్రవరి 19న మరమ్మతు పంపింది. వార్తల్లో దాన్ని ‘తెలుగు అక్షరం బాంబు’ అన్నట్టు రాశారు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. తప్పు జ్ఞానంలో లేదు, కుట్టేవాడి సూదిలో ఉంది.

త నుంచి క దాకా

ఇప్పుడు మీటల దగ్గరికి వద్దాం. మనకి నిజంగా మధ్యవర్తి కావాలా?

అక్కర్లేదన్నది 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఇచ్చిన జవాబు. ఆ జవాబు పేరు ఇన్‌స్క్రిప్ట్. వెనక ఐఐటీ కాన్పూర్‌లో ఆర్.ఎం.కె. సిన్హా, మోహన్ తాంబే వంటివారి కృషి ఉంది. కీబోర్డు ఎడమ సగంలో అచ్చులూ గుణింతపు గుర్తులూ, కుడి సగంలో హల్లులు. ఒత్తు అక్షరాలు షిఫ్ట్‌తో. ‘కె’ మీద క, షిఫ్ట్ పట్టుకుంటే ఖ. హల్లు కుడిచేయి, అచ్చు ఎడమచేయి, కుడి, ఎడమ, మద్దెల వాయించినట్టు. ‘తెలుగు’ రాయటానికి ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి మీటలు. ఆరు మీటలకి ఆరు ముక్కలు, ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. మధ్యలో ఊహించేవాడు లేడు, ఏరుకోవటం లేదు. చైనా, జపాన్ దశాబ్దాలు తపించి కట్టుకున్న యంత్రాంగం మన లిపికి అవసరమే లేదు, ఎందుకంటే మన వర్ణమాల పలుకుబడిని పట్టి పుట్టింది.

అయినా మనం ఇన్‌స్క్రిప్ట్ వైపు పోలేదు. మన చేతికి వచ్చిన కీబోర్డుల మీద ఇంగ్లీషు అక్షరాలే అచ్చేసి ఉన్నాయి. వాటితోనే మొదట వేళ్ళు కదిలాయి. హూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల మొదట్లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే పద్ధతి ఒకటి రూపొందించారు. ఆర్టీఎస్ అని ఇప్పటికీ పిలుస్తాం. చిన్న ‘టి’ కొడితే త, పెద్ద ‘టి’ కొడితే ట. ఇంటర్నెట్ మీద తెలుగువాళ్ళ తొలి కబుర్లన్నీ ఆ లిపిలోనే సాగాయి. 2006లో వీవెన్ చేసిన లేఖిని దానికి యూనికోడ్ వెలుగునిచ్చింది. పైన ఇంగ్లీషులో కొడితే కింద తెలుగు. అక్కడ కొట్టి, కాపీ చేసి, కావలసిన చోట అతికించటం. టూల్‌కిట్ లోపల ఉండవలసిన మధ్యవర్తిని ఒక వెబ్ పేజీలో కూర్చోబెట్టారన్నమాట. ఆ పుణ్యమా అని తెలుగు బ్లాగులు మొలకెత్తాయి.

ఆర్టీఎస్‌కి మధ్యవర్తి ఎందుకు కావాలో చూడండి. ‘కె’ కొట్టగానే ‘క్’ అని రాయాలి, పక్కన ‘ఏ’ కొట్టగానే రాసిన పొల్లుని వెనక్కి మింగి ‘క’ చెయ్యాలి. రాసింది చెరిపి మళ్ళీ రాయాలంటే చుట్టుపక్కల పాఠం చదవగలగాలి, లేదా గీతతో వేలాడదీసి ఉంచాలి. అంటే కంజీ కోసం తవ్విన కాలవే కావాలి. మన లిపికి అక్కర్లేని మధ్యవర్తి, మన అలవాటుకి అవసరమయ్యాడు.

బెంగళూరులో ఆ అలవాటు ఇంకో మెట్టు ఎక్కింది. ఈ ఊరి ట్యాకియాన్ టెక్నాలజీస్ సంస్థలో రామ్ ప్రకాశ్ 2006లో క్విల్‌ప్యాడ్ తెచ్చారు. చిన్న ‘టి’, పెద్ద ‘టి’ తేడాలు గుర్తు పెట్టుకోవటం కూడా మనిషి పని కాదన్నాడాయన. ఎవరికి తోచినట్టు వాళ్ళు కొడతారు, ఏ మాట ఉద్దేశించారో యంత్రం నేర్చుకుని చెప్పాలి. ‘కె, ఏ, ఎల్, ఎల్, యు’ అని కొడితే కళ్ళా, కల్లా? ల ఏది, ళ ఏది, ముందువెనక అక్షరాలను చూసి యంత్రం తేల్చుకుంటుంది. మొదటి ఊహ తప్పయితే కింద ఇంకో మాట సిద్ధంగా ఉంచుతుంది, మనం ఏరుకుంటాం. బెంగళూరులో పరిశోధన కేంద్రం ఉన్న గూగుల్ కూడా ఇదే బాటలో లిప్యంతరీకరణ తెచ్చింది. 2009లో అది విండోస్‌లో ఏ గడిలోనైనా పనిచేసే ఇన్‌పుట్ పద్ధతిగా తెలుగుతో సహా వచ్చింది. అదే సంవత్సరం ఈ ఊళ్ళోనే పుట్టిన రెవరీ ఫోన్ల మీద భారతీయ భాషల పని చేపట్టింది.

లిన్ యుటాంగ్ అద్దపు కిటికీ ఈ ఊరి తెర మీద కొత్తగా తెరుచుకుంది. వేల అక్షరాలున్న వాడి కష్టానికి పుట్టిన ఉపాయం, యాభై ఆరున్న వాడి రోజువారీ పద్ధతయింది. దీని వల్ల లక్షలమంది తెలుగులో రాయసాగారు, అది చిన్న మేలు కాదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఆ దారినే తెలుగులో ఉత్తరాలు రాస్తున్నారు. అయినా నాకు ఒక బాధ ఉంది. తెలుగు మాటను తలుచుకోగానే వేళ్ళు ఇంగ్లీషు స్పెల్లింగ్ వెతుక్కుంటాయి. ణ, ళ, ఱ తేడాలు వేళ్ళు మరిచిపోయాయి, అవి యంత్రం దయ మీద ఆధారపడ్డాయి. ఇన్‌స్క్రిప్ట్‌ని బళ్ళో ఒక్క వేసవి నేర్పి ఉంటే ఇంత దూరం రాకపోయేది.

ఈ ఊళ్ళో మీటలే వద్దన్నవాళ్ళూ ఉన్నారు. 2001లో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు స్వామి మనోహర్, విజయ్ చంద్రు, రమేశ్ హరిహరన్, వి. వినయ్, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ వాళ్ళతో కలిసి చేసిన సింప్యూటర్‌కి కీబోర్డు లేదు, పుల్లతో తెర మీద తాకటమే. హెచ్‌పీ ల్యాబ్స్ బెంగళూరు కేంద్రం చేసిన పలకలో హల్లు గడి మీద కలంతో గుణింతపు గుర్తు గీస్తే అక్షరం పూర్తయ్యేది. రెండూ మంచి ఆలోచనలు, బజారులో నిలవలేదు.

కన్నడిగులు మాత్రం ఈ ఊళ్ళో తమ తగువు తామే తీర్చుకున్నారు. కె.పి. రావు గారు రూపొందించిన కీబోర్డులో ఇంగ్లీషు ‘కె’ మీద క, షిఫ్ట్‌తో ఖ, పొల్లుకి ‘ఎఫ్’ మీట. ఇంగ్లీషు గుర్తులను ఆనవాళ్ళుగా వాడుకుంటూనే లిపి లెక్క తప్పలేదు. కన్నడ గణక పరిషత్తు నుడి సాఫ్ట్‌వేర్‌లో దాన్నే పెట్టింది, కర్ణాటక ప్రభుత్వం ఒప్పుకుంది. మనకి యాపిల్, మాడ్యులర్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్, పోతన, ఇలా ఎన్నో మిగిలాయి.

వాటిలో చాలావాటిని ఒక్కచోట చేర్చిపెట్టినవాళ్ళు ఎవరనుకున్నారు? జపానువాళ్ళు. ఎమాక్స్ ఎడిటర్‌కి బహుభాషా శక్తినిచ్చిన హండా కెనిచి, ఆయన సహచరులు త్సుకుబా పరిశోధన సంస్థలో ఎం17ఎన్ అనే లైబ్రరీ రాశారు. ఒక భాష కీబోర్డు కావాలంటే ప్రోగ్రాం రాయక్కర్లేదు, ఏ మీటకి ఏ అక్షరమో ఒక చిన్న పట్టిక రాస్తే చాలు. ఆ సులువు చూసి మనవాళ్ళు పట్టికలు రాసి చేర్చారు. వాటిలో తెలుగువే అరడజను. 2008లో రెడ్ హ్యాట్‌లో పనిచేసే చైనా ఇంజనీర్ పెంగ్ హువాంగ్ ఐబస్ మొదలుపెట్టాడు. 2009 జూన్‌లో ఫెడోరా 11 అనే లినక్స్ విడుదలలో అదే ప్రధాన ఇన్‌పుట్ వ్యవస్థ అయింది, ఎం17ఎన్ పట్టికలన్నీ దాని కిందికి వచ్చాయి. గడి జీటీకేది, కుట్టేవాడు పాంగో, మధ్యవర్తి చైనావాడిది, పట్టికల పెట్టె జపానువాళ్ళది, పట్టిక తెలుగువాడిది. విండోస్‌లో రెండు వేరువేరు గళ్ళలో ఉన్నవాళ్ళు ఇక్కడ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

యూనికోడ్ పట్టికలో తెలుగు అయిపోగానే కన్నడ మొదలవుతుంది, పక్కపక్క ఇళ్ళు. తెలుగు క నుంచి కన్నడ క సరిగ్గా 128 గళ్ళ దూరం. మామూలుగా వాడే ఏ అక్షరం తీసుకున్నా అదే దూరం. ఇన్‌స్క్రిప్ట్ పట్టికలు కూడా అంతే, రెండు భాషలకీ మీటలు ఒకటే. మొన్న ఐబస్‌లో ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి అని నొక్కి ‘తెలుగు’ అని రాశాను. భాషను కన్నడకి మార్చి, వేళ్ళు కదిలించకుండా అవే ఆరు మీటలు మళ్ళీ నొక్కాను. మా వీధి బస్టాపు బోర్డు మీద ఉండే లిపిలో, అదే మాట వచ్చింది.

(పదో భాగంలో: ఒత్తులు దింపిన ఫాంట్ల కథ)